2.20 ఎకరాలంటే ఎంత? కొలతలను చుక్కతో కాదు, యూనిట్లతో ముద్రించండి

సంపాదకులకు నమస్కారం.

భూముల వార్తలు, వేలం ప్రకటనలు, కోర్టు నోటీసులు అచ్చయ్యేటప్పుడు విస్తీర్ణాన్ని ‘2.20 ఎకరాలు’ అని ఒక చుక్క పెట్టి వేయడం తెలుగు పత్రికలన్నిటిలోనూ పరిపాటిగా ఉంది. రెండు రాష్ట్రాల సరిహద్దున మధిర ప్రాంతంలో ఉంటున్న మాకు ఆ చుక్క చిన్న విషయం కాదు. తెలంగాణ రెవెన్యూ రికార్డుల ఆనవాయితీలో 2.20 అంటే 2 ఎకరాల 20 గుంటలు. ఎకరాకు 40 గుంటలు కనుక అది సరిగ్గా రెండున్నర ఎకరాలు. మాకు కూతవేటు దూరంలో ఆంధ్రప్రదేశ్ పరిధిలో ఉన్న ఊళ్లలో అదే 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు, అక్కడ ఎకరాకు 100 సెంట్లు. ఒకే అంకెను చదివిన ఇద్దరి మధ్య తేడా 30 సెంట్లు, అంటే 1,452 చదరపు గజాలు. పల్లెటూళ్లో అంత జాగాలో ఏడెనిమిది ఇళ్లు లేస్తాయి.

ఇది ఊహించి చెబుతున్న ఇబ్బంది కాదు. ఇటు ఆడపిల్లలను అటు ఇచ్చుకున్న కుటుంబాలు, అటు పొలం ఉండి ఇటు కాపురముంటున్న కుటుంబాలు మా ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. పసుపు కుంకుమల కింద రాసిచ్చిన పొలం గురించి ఫోనులో మాట్లాడుకునేటప్పుడు ‘రెండు పాయింట్ ఇరవై’ అని ఒకరంటే, వినేవారు తమ అలవాటు ప్రకారం అర్థం చేసుకుంటారు. ఎకరాకు 20 బస్తాల కౌలుకు ఒప్పుకున్నారనుకుందాం. ఒక లెక్కన 50 బస్తాలు రావాలి, మరో లెక్కన 44 బస్తాలే రావాలి. ఆ ఆరు బస్తాల దగ్గర మొదలైన మాట పట్టింపు పండుగలకు రాకపోకలు మానుకునే దాకా వెళ్లడం మా వైపు పెద్దలకు తెలిసిందే. ఇరువైపులా మోసం చేసినవారు ఎవరూ ఉండరు, ఇద్దరూ నిజమే చెప్పి ఉంటారు.

చిన్న కమతాల దగ్గర ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది. 0.05 అని రాసి ఉంటే గుంటల లెక్కలో అది 605 గజాలు, సెంట్ల లెక్కలో 242 గజాలు. గుంట 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల చతురస్రం, అంటే 121 చదరపు గజాలు. సెంటు 48.4 చదరపు గజాలు. కాబట్టి ఒక గుంట రెండున్నర సెంట్లతో సమానం. ఈ ఒక్క సంబంధం గుర్తుంటే చాలు, గుంటల నుంచి సెంట్లకు, సెంట్ల నుంచి గుంటలకు ఎవరైనా కాగితం లేకుండానే మారగలరు.

కూడిక దగ్గర మరొక చిక్కు ఉంది. తెలంగాణలో అన్నదమ్ములిద్దరికి చెరి 1.25 ఉందనుకుంటే, సెల్‌ఫోనులోని క్యాలిక్యులేటరు రెండూ కలిపి 2.50 అంటుంది. ఎకరాకు 40 గుంటలే ఉన్నప్పుడు ‘2 ఎకరాల 50 గుంటలు’ అనే విస్తీర్ణం ఉండనే ఉండదు. 25, 25 కలిసి 50 గుంటలు, అందులో 40 గుంటలు ఒక ఎకరం, మిగిలినవి 10 గుంటలు, కాబట్టి సరైన జవాబు 3 ఎకరాల 10 గుంటలు. పాత కరణాలు నోటి లెక్కగా చేసిన ఈ కూడికను ఈనాడు యంత్రం తప్పు చేస్తోందంటే, ఆ లోపం యంత్రానిది కాదు. మనం దశాంశ స్థానం కానిదాన్ని దశాంశంలా రాసి దానికి అందిస్తున్నాం. కంప్యూటరు పట్టికల్లో విస్తీర్ణాలను నింపే ఉద్యోగులు, బ్యాంకుల్లో పంట రుణాలకు లెక్క కట్టేవారు ఎకరాలకు ఒక గడి, గుంటలకు మరొక గడి కేటాయించుకోవాలని ఈ సందర్భంగా కోరుతున్నాను.

చుక్క తెచ్చే చిక్కు భూమికే పరిమితం కాదు. అడుగులు, అంగుళాలు కొలిచేటప్పుడు మేస్త్రీలు 10 అడుగుల 6 అంగుళాలను 10.6 అని, 10 అడుగుల 11 అంగుళాలను 10.11 అని రాసుకుంటారు. క్యాలిక్యులేటరు దృష్టిలో 10.11 కంటే 10.6 పెద్దది. అసలైతే 10.6 అని రాసినది పదిన్నర అడుగులు, 10.11 అని రాసినది దాదాపు పదకొండు అడుగులు. గంటల లెక్కలోనూ అంతే, 1.30 గంటలంటే గంటన్నర, అంటే 1.5 గంటలు. పొలం దున్నిన ట్రాక్టరుకు గంటల చొప్పున కిరాయి లెక్కకట్టే చోట ఈ రెండింటినీ కలిపేసుకోవడం తరచూ జరుగుతుంది. క్రికెట్ వార్తల్లో 4.3 ఓవర్లంటే నాలుగు ఓవర్ల మూడు బంతులని పిల్లలకు కూడా తెలుసు. ఓవరుకు ఆరు బంతులన్న సంగతి వారి మనసులో స్థిరంగా ఉండటమే అందుకు కారణం. అంగుళం విషయంలో 12, గుంట విషయంలో 40, నిమిషం విషయంలో 60 అనే సంఖ్య అంత స్థిరంగా మనసులో ఉండాలన్నదే నా వాదన.

విస్తీర్ణం దగ్గర మరో పొరపాటు సాధారణం. గజానికి మూడడుగులు కదా అని, చదరపు గజానికి కూడా మూడు చదరపు అడుగులే అనుకునేవారు చదువుకున్నవారిలోనూ ఉన్నారు. పొడవు మూడు రెట్లు, వెడల్పు మూడు రెట్లు కనుక చదరపు గజానికి 9 చదరపు అడుగులు, ఘనపు గజానికి 27 ఘనపు అడుగులు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న స్థలం 1,800 చదరపు అడుగులు, దాన్ని 9తో భాగిస్తే 200 గజాలు. అదే స్థలం మీటర్లలో సుమారు 167 చదరపు మీటర్లు. స్థలాలు గజాలలో అమ్ముతారు, చట్టాలు మీటర్లలో మాట్లాడతాయి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుట్లను నమోదు చేయాలంటుంది. అది 598 గజాలని తెలియని కొనుగోలుదారుడు, తాను చూస్తున్న వెంచరు ఆ చట్టం పరిధిలోకి వస్తుందో రాదో ఎలా నిర్ణయించుకోగలడు? ఇక అంకణం సంగతి వేరు. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. తిరుపతిలో స్థలం చూసుకునే నెల్లూరు వాసి ‘అంకణం ధర’ విని చవకని సంతోషిస్తే, ఆయన నిజానికి రెట్టింపు ధర చెల్లిస్తూ ఉండవచ్చు.

ధాన్యం అమ్మకంలో కూడా ఇదే కథ. కేంద్రం మద్దతు ధరను క్వింటాలుకు ప్రకటిస్తుంది. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం వరికి అది 2,369 రూపాయలు. కోస్తా జిల్లాల రైతు 75 కిలోల బస్తాగా, తెలంగాణలో కొనుగోలు కేంద్రానికి వచ్చే రైతు 40 కిలోల సంచిగా, నెల్లూరు రైతు 850 కిలోల పుట్టిగా ఆలోచిస్తారు. ఆ ధర 75 కిలోల బస్తాకు 1,776 రూపాయల 75 పైసలు, 40 కిలోల సంచికి 947 రూపాయల 60 పైసలు, పుట్టికి 20,136 రూపాయల 50 పైసలు అవుతుంది. మిల్లు దగ్గర వ్యాపారి ‘బస్తా పదిహేడు వందలు’ అన్నప్పుడు, అది ఆ ఏటి మద్దతు ధర కంటే 76 రూపాయల 75 పైసలు తక్కువని కల్లంలో నిలబడిన రైతుకు అప్పటికప్పుడే తెలియాలి. సంచికి కిలోనో రెండు కిలోలో తరుగు తీస్తామంటే, 40 కిలోల సంచిలో కిలో తరుగు నూటికి రెండున్నర వంతు అని కూడా తెలియాలి. మద్దతు ధర వార్తను ప్రచురించిన ప్రతిసారీ బస్తా లెక్క, పుట్టి లెక్క పక్కనే వేస్తే ఆ వార్త రైతు చేతికి పనిముట్టు అవుతుంది.

నేను గణితం బోధించిన కాలమంతా కిలోమీటర్లను మీటర్లుగా, లీటర్లను మిల్లీలీటర్లుగా మార్చడం పిల్లలు చక్కగానే నేర్చుకునేవారు. పదితో, వందతో, వెయ్యితో గుణించడమే కనుక చుక్కను ఇటో అటో జరిపితే సరిపోతుంది. అక్కడే ఒక ప్రమాదం దాగి ఉంది. చుక్కను జరపడమే మార్పిడి అన్న భావన పిల్లవాడిలో నాటుకుపోతుంది, గుంట, అంగుళం, నిమిషం ఎదురైనప్పుడు కూడా అతడు చుక్కనే జరుపుతాడు. అంకె పక్కన యూనిట్‌ను తప్పనిసరిగా రాయించి, యూనిట్లను కూడా అంకెల్లాగే గుణించి, భాగించి, కొట్టివేయించడం అలవాటు చేస్తే ఆ భావన పోతుంది. ఉదాహరణకు ఒక పురుగుమందు డబ్బా మీద హెక్టారుకు 500 మిల్లీలీటర్లు అని ఉందనుకుందాం. హెక్టారంటే 2.47 ఎకరాలు. ‘హెక్టారుకు 500 మి.లీ.’ని ‘హెక్టారుకు 2.47 ఎకరాలు’తో భాగిస్తే హెక్టార్లు కొట్టుకుపోయి, ఎకరాకు సుమారు 200 మి.లీ. మిగులుతుంది. ఎకరాకు 200 లీటర్ల నీటితో పిచికారీ చేస్తే లీటరు నీటికి ఒక మి.లీ. చొప్పున, 16 లీటర్ల స్ప్రేయరు ట్యాంకుకు 16 మి.లీ. పడుతుంది. గుణించాలా, భాగించాలా అన్న సందేహానికి యూనిట్లే జవాబు చెబుతాయి. ఈ లెక్క చేయకుండా హెక్టారు మోతాదును ఎకరానికి పోసేస్తే రెండున్నర రెట్ల మందు పంట మీద పడుతుంది. డబ్బు దండగ కావడం ఒక నష్టమైతే, పైరు మాడిపోవడం, పిచికారీ చేసే కూలీ ఆరోగ్యం దెబ్బతినడం మరింత పెద్ద నష్టాలు.

జవాబు వచ్చాక ఇంకొక్క ప్రశ్న వేసుకోవడం కూడా నేర్పాలి. చిన్న యూనిట్‌లోకి మారితే అంకె పెరగాలి, పెద్ద యూనిట్‌లోకి మారితే తగ్గాలి. సెంట్లను గుంటలుగా మార్చినప్పుడు అంకె పెరిగిందంటే ఎక్కడో తలకిందులుగా చేశామన్నమాట.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మందుల విషయం, కాబట్టి దాన్ని కొంచెం వివరంగా రాయడానికి అనుమతించండి. చంటిపిల్లలకు జ్వరం వస్తే ఇచ్చే పారాసిటమాల్ ద్రవ రూపంలో వేర్వేరు గాఢతలలో దొరుకుతుంది. ఒక రకం సిరప్‌లో 5 మి.లీ.కు 125 మిల్లీగ్రాములు, మరొక రకంలో 5 మి.లీ.కు 250 మిల్లీగ్రాములు ఉంటుంది. పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మి.లీ.కే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే చుక్కల మందు 5 మి.లీ. పోస్తే అది 500 మిల్లీగ్రాములు, మొదటి రకం సిరప్‌కు నాలుగు రెట్లు. వైద్యుడు చీటీ మీద రాసేది ఒక సీసాను దృష్టిలో పెట్టుకుని, ఇంట్లో ఉన్నది మరో సీసా అయినప్పుడు ‘అయిదు ఎం.ఎల్. పట్టమన్నారు’ అన్న మాట ప్రమాదకరం అవుతుంది. మిల్లీలీటరు ద్రవం ఎంత పోశామో చెబుతుంది, మిల్లీగ్రాము అందులో మందు ఎంత ఉందో చెబుతుంది. ఈ రెండూ వేర్వేరని ప్రతి తల్లికీ, ప్రతి అమ్మమ్మకూ తెలియాలి. చీటీలో ఏ సీసా రాశారో అదే తెచ్చుకోవడం, సీసాతో వచ్చిన గీతల మూతతోనో మందు పట్టే డ్రాపరుతోనో కొలవడం, మోతాదు అనుమానంగా ఉంటే వైద్యుణ్ణి మళ్లీ అడగడం, ఈ మూడూ చేస్తే చాలు. వంటింటి చెంచా కొలత కాదు, చెంచాలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు.

ఇన్సులిన్ సంగతి ఇంతకంటే సున్నితమైనది. మన దేశంలో మి.లీ.కు 40 యూనిట్ల ఇన్సులిన్ సీసాలు, మి.లీ.కు 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ వాడుకలో ఉన్నాయి, వాటికి తగిన సిరంజీలు కూడా వేర్వేరు. ఎర్ర మూత సిరంజి 40 యూనిట్ల ఇన్సులిన్‌కు, నారింజ రంగు మూత సిరంజి 100 యూనిట్ల ఇన్సులిన్‌కు ఉద్దేశించినవి. ఎర్ర మూత సిరంజిలో 20 అనే గీత దాకా ద్రవం లాగితే అది అర మిల్లీలీటరు. పొరపాటున అందులోకి 100 యూనిట్ల ఇన్సులిన్ లాగితే శరీరంలోకి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50 యూనిట్లు. రోగి చక్కెర ప్రమాదకరంగా పడిపోవడానికి అది చాలు. తారుమారుగా జరిగి, నారింజ మూత సిరంజిలోకి 40 యూనిట్ల ఇన్సులిన్ 20వ గీత దాకా లాగితే వెళ్లేది 8 యూనిట్లే. గీత మీద అంకె ఒకటే, సీసా మారితే దాని అర్థం మారిపోతుంది. ఇంట్లోనే ఇంజెక్షన్ చేసుకునే వృద్ధులు మన ఊళ్లన్నిటా ఉన్నారు. సీసా మీద 40 ఉందా, 100 ఉందా, సిరంజి మీద ఏముంది అన్నది చూసి రెండూ ఒకటేనని తేల్చుకున్నాకే సూది వాడాలని మందుల దుకాణాలవారు అమ్మేటప్పుడే చెప్పాలి. ఆరోగ్య పేజీలో ఈ రెండు సిరంజీల బొమ్మలు పక్కపక్కన వేసి వివరిస్తే అంతకన్న మేలైన సేవ ఉండదని నేను నిజంగా నమ్ముతున్నాను.

ఇక వర్షాకాలం వస్తే పత్రికల నిండా క్యూసెక్కులు, టీఎంసీలు కనిపిస్తాయి. క్యూసెక్కు ప్రవాహానికి కొలత, సెకనుకు ఒక ఘనపు అడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు. టీఎంసీ నిల్వ, అంటే 100 కోట్ల ఘనపు అడుగులు. ఒకటి గొట్టంలో పారే నీటికీ, మరొకటి తొట్టిలో నిలిచే నీటికీ సంబంధించిన కొలతలు. ఈ రెండింటినీ కలిపేది కాలం. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ ఒక్క సంఖ్య తెలిసినవారు వార్తను తమంతట తామే చదువుకోగలరు. శ్రీశైలానికి లక్ష క్యూసెక్కులు వస్తున్నాయంటే రోజుకు 8.64 టీఎంసీలు. జలాశయం నిండటానికి ఇంకా 50 టీఎంసీలు కావాలనుకుంటే, కిందికి వదలకుండా ఉంటే ఆరు రోజులు పడుతుంది. అదే లక్ష క్యూసెక్కులు సుమారు 3 టీఎంసీల సామర్థ్యమున్న ప్రకాశం బ్యారేజీకి వస్తే తొమ్మిది గంటల లోపే అది నిండిపోతుంది. విజయవాడలో గేట్లు అంత త్వరగా ఎందుకు ఎత్తాల్సి వస్తుందో కృష్ణలంక వాసులకు ఈ లెక్కతో అర్థమవుతుంది. ఒక టీఎంసీ నీరు 22,957 ఎకరాల మీద ఒక అడుగు లోతున నిలుస్తుంది. వరికి పంటకాలం మొత్తంలో నాలుగు అడుగుల నీరు కావాలనుకుంటే, కాలువల్లో నష్టాలు లేవనుకున్నా ఒక టీఎంసీతో పండేది 5,740 ఎకరాలకు మించదు. ఈ అవగాహన ఉంటే నదీ జలాల పంపకాల మీద జరిగే వాదనలను రైతు తన పొలం దగ్గర నుంచి తూచుకోగలడు.

వర్షపాతం కూడా అంతే. ఒక మిల్లీమీటరు వాన అంటే ప్రతి చదరపు మీటరు మీద ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు ఇంకుడు గుంతలోకి పంపవచ్చు. 10 సెంటీమీటర్ల వాన కురిసిందంటే ఎకరం చేను మీద పడిన నీరు నాలుగు లక్షల లీటర్ల పైమాటే.

మెట్రిక్ కొలతలను దేశమంతటికీ తెచ్చిన చట్టం 1956లో వచ్చింది, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలైంది. ఇప్పుడు అమలులో ఉన్న 2009 నాటి తూనికలు, కొలతల చట్టం కూడా ప్రామాణిక యూనిట్లలోనే ధరలు చెప్పాలంటుంది. అయినా గజం, గుంట, సెంటు, బస్తా, తులం జనం నోట నిలిచి ఉన్నాయి. వాటిని వాడకూడదని నేను అనడం లేదు. తరతరాల దస్తావేజులు వాటిలోనే ఉన్నాయి, వాటిని చదవలేనివాడు తన హక్కును చదవలేడు. పాత కొలతకు, కొత్త కొలతకు మధ్య సంబంధం మాత్రం ప్రతివారికీ తెలిసి ఉండాలి. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు, నేటి దుకాణంలో తులం 10 గ్రాములు. నాయనమ్మ పాత లెక్కన తూచి ఇచ్చిన పది తులాల నగలను మనవరాళ్లు పంచుకునేటప్పుడు, ఆ పది తులాలు 100 గ్రాములా, 116.6 గ్రాములా అన్నది తేల్చుకోకపోతే రెండు కాసులకు (కాసు 8 గ్రాములు) మించిన బంగారం లెక్కలోకి రాకుండా పోతుంది.

కాబట్టి మీ పత్రికకు నా మనవి ఇది. తెలంగాణ భూముల వార్తల్లో ‘2 ఎకరాల 20 గుంటలు’ అని, ఆంధ్రప్రదేశ్ భూముల వార్తల్లో ‘2 ఎకరాల 20 సెంట్లు’ అని పూర్తిగా ముద్రించండి, చుక్కతో రాసి పంపిన ప్రకటనలను ప్రకటనదారుని అడిగి సరిచేయించండి. స్థలాల ప్రకటనల్లో గజాల పక్కన చదరపు మీటర్లు వేయండి. ప్రవాహాల వార్తలో క్యూసెక్కుల పక్కన రోజుకు ఎన్ని టీఎంసీలో చెప్పండి. గుంట, సెంటు, గజం, హెక్టారు, బస్తా, క్వింటాలు, పుట్టి, తులం, కాసు, క్యూసెక్కు, టీఎంసీల మధ్య సంబంధాలను గోడకు అంటించుకోదగిన ఒక పట్టికగా విద్యార్థుల పేజీలో అచ్చువేయండి. ఆ పట్టికను సరిచూసి తయారుచేసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను, ఏ జిల్లాలో అంకణం ఎంతో, పుట్టి ఎంతో ఆ జిల్లా పాఠకులు రాసి పంపితే దానిలో చేర్చవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
మధిర, ఖమ్మం జిల్లా.